మిథున రాశి వారికి ఆస్పిరిన్ పడదు

పై మాట నాది కాదండోయ్. 1988 ఆగస్టులో లాన్సెట్ పత్రికలో అచ్చయిన సంగతి. కాకపోతే రాసినవాళ్లే దాన్ని నమ్మలేదు. గుండెపోటు అనుమానంతో 24 గంటల్లోపు ఆసుపత్రికి చేరిన 17,187 మంది మీద జరిగిన క్లినికల్ ట్రయల్ అది. పేరు ఐసిస్-2. (కంగారు పడకండి, అప్పటికి ఆ రెండో ఐసిస్ ఇంకా పుట్టలేదు.) సగం మందికి నెల రోజుల పాటు రోజూ ఆస్పిరిన్, మిగతా సగానికి చూడ్డానికి అచ్చం అలాగే ఉండే ఉత్తుత్తి మాత్ర. అయిదు వారాలయ్యాక లెక్క చూస్తే, ఉత్తుత్తి మాత్ర వాళ్లు 8,600 మందిలో 1,016 మంది గుండె, రక్తనాళాల కారణాలతో చనిపోయారు. ఆస్పిరిన్ వాళ్లు 8,587 మందిలో 804 మంది. కారుచవగ్గా దొరికే మాత్ర చేసిన పని ఇది.

పత్రిక వాళ్లకి ఇంత పెద్ద ఫలితం సరిపోలేదు. రోగుల్ని రకరకాల గుంపులుగా విడగొట్టి, ఎవరికి పనిచేసిందో ఎవరికి చెయ్యలేదో చూపించమన్నారు. ట్రయల్ నడిపిన ఆక్స్‌ఫర్డ్ బృందంలోని రిచర్డ్ పీటో సరేనన్నాడు, ఒక షరతు మీద: రాశుల వారీగా విడగొట్టిన లెక్క కూడా వెయ్యాలి! వేశారు. మిథున, తులా రాశుల వాళ్లలో ఆస్పిరిన్ వల్ల చావులు 9% పెరిగినట్టు, మిగతా పది రాశుల్లో 28% తగ్గినట్టు తేలింది. (ఇవి మన పంచాంగం రాశులు కావు, పుట్టిన తేదీని బట్టి చెప్పే పాశ్చాత్య రాశులు. మన పద్ధతిలో చూసి ఉంటే ఇంకో రెండు రాశుల వాళ్లు బలయ్యేవాళ్లు, అంతే తేడా.)

నేను డాక్టర్ని కాను, స్టాటిస్టిక్స్ పండితుణ్ణీ కాను. కోడు రాసుకుని బతికేవాణ్ణి. అయినా ఈ కథ వెనకున్న చరిత్ర మన బోంట్లకి బాగా ఎక్కుతుందని నా నమ్మకం, అందుకే ఈ టపా.

లెక్క ఇంతే. మందులో ఏ గుణమూ లేకపోయినా, కేవలం కాకతాళీయంగా అంత తేడా కనబడే అవకాశం 5% లోపు ఉంటేనే ఫలితాన్ని ఒప్పుకుందాం అని ఒక హద్దు పెట్టుకుంటారు. ఒక్క ప్రశ్న అడిగితే మోసపోయే అవకాశం 20లో 1. ఒకదానితో ఒకటి సంబంధం లేని 12 ప్రశ్నలు అడిగితే కనీసం ఒక్కచోటైనా మోసపోయే అవకాశం 46%. 20 ప్రశ్నలడిగితే 64%. మన భాషలో చెప్పాలంటే, ఒకసారి పాసై ఒకసారి ఫెయిలయ్యే టెస్టుని మళ్లీ మళ్లీ రన్ కొట్టి, పచ్చరంగు రాగానే స్క్రీన్‌షాట్ తీసి మేనేజరుకి పంపడం లాంటిది. స్క్రీన్‌షాట్ అబద్ధం కాదు. అంతకుముందు ఎన్నిసార్లు ఎర్రరంగు వచ్చిందో అందులో ఉండదు, అదీ ఇబ్బంది.

ఇది ఈమధ్య కనిపెట్టిన విషయమేం కాదు. 1843లోనే ఫ్రెంచి పండితుడు కూర్నో దీన్ని పట్టుకున్నాడు. పుట్టే పిల్లల్లో మగా ఆడా నిష్పత్తి తీసుకుని, తల్లిదండ్రుల్ని ఒకలా విడగొట్టి చూస్తావు, ఏమీ ఉండదు. ఇంకోలా విడగొడతావు, ఏమీ ఉండదు. అలా విడగొట్టుకుంటూ పోతే ఎక్కడో ఒకచోట తేడా కనబడుతుంది. నువ్వు ఆ ఒక్కటే అచ్చు వేస్తావు. చదివేవాడికి నీ పాత ప్రయత్నాల సంగతి తెలీదు కాబట్టి, ఆ ఫలితానికి ఎంత విలువివ్వాలో వాడు తేల్చుకోలేడు. కూర్నో చెప్పినదాని సారాంశం ఇది. సూత్రం ఏమీ ఇవ్వలేదు గానీ జబ్బు పేరు మాత్రం కరెక్టుగా చెప్పాడు: తప్పు లెక్కలో లేదు, దాచిన ప్రయత్నాల సంఖ్యలో ఉంది.

ఆ 5% హద్దుని జనంలోకి తెచ్చింది ఇంగ్లండులో రోథామ్‌స్టెడ్ వ్యవసాయ కేంద్రంలో పనిచేసిన ఫిషర్, 1925 నాటి తన పుస్తకంతో. వాడుకకి వీలుగా ఉంటుందని పెట్టుకున్న అంకె. తర్వాత తరాలు దాన్ని శిలాశాసనం చేసుకున్నాయి. ఫిషర్ కాలం ప్రయోగాలు ఎరువులవీ విత్తనాలవీ. తేడా వస్తే వచ్చే పంటకి సరిచేసుకోవచ్చు.

1950ల్లో ఈ సమస్య మీద ఒక్కసారిగా చాలామంది పడ్డారు. 1953లో ప్రిన్స్‌టన్‌లో జాన్ టుకీ దీని మీదే 396 పేజీలు రాసి, అచ్చు వెయ్యకుండా సైక్లోస్టైల్ కాపీలుగా పంచాడు. అది పుస్తకంలోకి ఎక్కింది 1994లో! మధ్యలో నలభై ఏళ్లు కాపీ మీద కాపీగా తిరిగింది, మన హాస్టళ్లలో సీనియర్ల నోట్సులాగా. విద్యార్థులకి టుకీ చెప్పే ఉదాహరణ ఒకటుంది: ఒక కుర్ర సైకాలజిస్టు 250 పరీక్షలు పెడితే 11 చోట్ల 5% స్థాయిలో ఫలితం వచ్చింది, గర్వపడొచ్చా? ఏమీ లేకపోయినా సగటున 12న్నర రావాలి కదా నాయనా.

అదే 1953లో ఎస్.ఎన్. రాయ్, ఆర్.సి. బోస్ అనే ఇద్దరు, కలకత్తా స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ నుంచి నార్త్ కరోలినా వెళ్లినవాళ్లు, చాలా ప్రశ్నలకి ఒకేసారి పూచీ ఇచ్చే పద్ధతి మీద పేరున్న పేపరు రాశారు. 1955లో చార్లెస్ డనెట్ అనే కెనడా మనిషి, అసలు మందుల కంపెనీలకి కావలసిన ప్రశ్న తీసుకున్నాడు: ఒక ఉత్తుత్తి మందుతో అయిదారు మందుల్ని పోల్చాలంటే ఎలా? ఆయన పనిచేసింది అమెరికన్ సయనమిడ్ వారి లెడర్లీ లాబొరేటరీస్‌లో. ఈ పేరు ఎక్కడో విన్నట్టుంది కదూ? మన భీమవరం యల్లాప్రగడ సుబ్బారావు గారు 1948లో పోయేదాకా పరిశోధనలు నడిపించిన చోటే. ఆయన టెట్రాసైక్లిన్ కుటుంబానికి తలుపు తెరిచిన ల్యాబుకి, మందుల్ని ఎలా పోల్చాలో లెక్క కట్టిచ్చింది డనెట్. ఇద్దరూ ఒకరికొకరు ఎదురుపడలేదు, కొద్ది ఏళ్ల తేడా.

అన్నట్టు, అన్నిటికన్నా ఎక్కువగా వినబడే పేరు బోన్‌ఫెర్రోని. 20 ప్రశ్నలుంటే హద్దుని 20తో భాగించి 0.0025 చేసుకో అనే సూత్రానికి ఆయన పేరు తగిలించారు. తమాషా ఏంటంటే ఆ ఇటలీ గణితజ్ఞుడు 1936లో సంభావ్యతల మీద కొన్ని అసమానతలు నిరూపించాడు తప్ప మందుల జోలికి పోలేదు. దాన్ని ఈ పనికి వాడే పద్ధతిగా 1961లో చక్కగా రాసిపెట్టింది ఆలివ్ జీన్ డన్ అనే ఆవిడ. పని ఒకరిది, పేరు మరొకరిది. మన ప్రాజెక్టుల్లో మాత్రం జరగదా! ఈ వరసలో మనవాడు ఇంకొకాయన ఉన్నారు, పరుచూరి ఆర్. కృష్ణయ్య. 1960ల్లో ఏకకాల పరీక్షల మీద పనిచేసి, 1971లో జర్నల్ ఆఫ్ మల్టీవేరియట్ అనాలిసిస్ స్థాపించారు. పిట్స్‌బర్గ్‌లో సి.ఆర్. రావు గారి సహచరుడు, 1987లో పోయారు. తెలుగులో ఆయన గురించి నాలుగు వాక్యాలు దొరకవు.

ప్రశ్నలు చాలా అడగడం ఒక రకం. ఒకే ప్రశ్నని చాలాసార్లు అడగడం ఇంకో రకం. ట్రయల్ నడుస్తుండగా మధ్యమధ్యలో మూత తీసి చూస్తే ఏమవుతుందో 1969లో ఆర్మిటేజ్ బృందం లెక్కకట్టింది. ప్రతిసారీ అదే 5% హద్దుతో రెండుసార్లు చూస్తే మోసపోయే అవకాశం 8.3%, అయిదుసార్లయితే 14.2%, పదిసార్లయితే 19.3%. వెబ్‌సైట్‌లో రెండు రంగుల బటన్లు పెట్టి, పొద్దున్నే వచ్చి డాష్‌బోర్డు చూసి, గెలిచిన రోజున ప్రయోగం ఆపేసే ప్రోడక్ట్ మేనేజర్లందరికీ ఈ పట్టిక గోడకి అంటించాలి. పోనీ మధ్యలో చూడకుండా ఉందామా అంటే మందుల విషయంలో కుదరదు, జనం చచ్చిపోతూ ఉండొచ్చు. అందుకని 1977లో పోకాక్, 1979లో ఓబ్రయన్, ఫ్లెమింగ్ మధ్యలో చూడ్డానికి కఠినమైన హద్దులు తయారుచేశారు. పోకాక్ పద్ధతిలో అయిదుసార్లు చూడాలంటే ప్రతిసారీ హద్దు 5% కాదు, 1.58%.

ఇంతవరకూ సూత్రాల కథ. సూత్రాలతో పని జరిగిపోయేట్టయితే ఈ టపా ఇక్కడితో ఆపేసేవాణ్ణి. 1990ల్లో హార్ట్ ఫెయిల్యూర్ మందుల దగ్గర అసలు పరీక్ష ఎదురైంది.

మొదటిది ఆమ్లోడిపిన్, మన ఇళ్లలో బీపీకి వాడే మాత్రే. తీవ్రమైన హార్ట్ ఫెయిల్యూర్ ఉన్న 1,153 మందికి ఇచ్చి చూసి 1996లో ఫలితం ప్రకటించారు. ముందు అనుకున్న ప్రధాన ప్రశ్నకి జవాబు, తేడా లేదు. కానీ గుండె రక్తనాళాల్లో అడ్డంకులు కాక వేరే కారణంతో జబ్బు వచ్చిన గుంపులో మాత్రం చావులు 46% తగ్గాయి, పి విలువ 0.001 కన్నా తక్కువ. పైగా ఇది తర్వాత వెతికి పట్టుకున్న గుంపు కాదు, మొదటినుంచీ విడిగా చూస్తామని రాసుకున్నదే. అంతకన్నా ఏం కావాలి? అయినా బృందం బుద్ధిగా, అలాంటి రోగులే 1,650 మందికి పైగా చేర్చుకుని రెండో ట్రయల్ చేసింది. చావుల్లో ఏ మేలూ కనబడలేదు.

రెండోది లొసార్టన్. 1997లో 722 మంది వృద్ధుల మీద ట్రయల్. అసలు ప్రశ్న కిడ్నీల గురించి, అందులో తేడా లేదు. చావుల్లో మాత్రం పాత మందు కాప్టోప్రిల్ వాళ్లలో 8.7%, లొసార్టన్ వాళ్లలో 4.8%. డాక్టర్లు ఉబ్బితబ్బిబ్బయ్యారు. 2000లో 3,152 మందితో మళ్లీ అడిగారు, ఈసారి చావుల గురించే. లొసార్టన్ వాళ్లలో 17.7%, కాప్టోప్రిల్ వాళ్లలో 15.9%. మేలు మాట దేవుడెరుగు, అంకె రెండో వైపుకి వాలింది (ఆ వాలు కూడా కాకతాళీయమే కావచ్చు, పి విలువ 0.16).

ఈ రెండూ చదివితే, ప్రధాన ప్రశ్న ఓడిపోయాక దొరికేదంతా చెత్తబుట్టలో వెయ్యాలనిపిస్తుంది. అప్పుడు మూడోది చూడాలి. కార్వెడిలాల్. అమెరికాలో నాలుగు ట్రయళ్లు కలిపి 1,094 మంది. ప్రధానంగా అడిగింది రోగి ఎంతసేపు నడవగలడు, ఎంత శ్రమ తట్టుకోగలడు అన్నది. అందులో పెద్దగా ఏమీ రాలేదు. చావుల్ని లెక్కపెట్టింది కేవలం భద్రత కోసం. ఆ లెక్కలో ఉత్తుత్తి మందు వాళ్లు 398 మందిలో 31 మంది పోతే, కార్వెడిలాల్ వాళ్లు 696 మందిలో 22 మందే పోయారు. 7.8%కి 3.2%. 1996 మేలో ఎఫ్‌డీఏ సలహా సంఘం ముందుకి ఈ మందు వస్తే, అడగని ప్రశ్నకి వచ్చిన జవాబుతో ఆమోదం ఇవ్వలేమన్నారు. దాని మీద స్టాటిస్టిక్స్ పెద్దలు లాయిడ్ ఫిషర్ ఒకవైపు, లెమ్యూల్ మోయే మరోవైపు నిలబడి 1999 దాకా వ్యాసాలతో కొట్టుకున్నారు. రూల్ అన్నాక రూల్, ఇవాళ దీనికి సడలిస్తే రేపు ప్రతివాడూ వస్తాడని మోయే. చావుకన్నా పెద్ద ప్రశ్న ఏముంటుంది, కాగితం మీద రాసుకోనంత మాత్రాన కళ్లు మూసుకుంటామా అని ఫిషర్. 1997లో ఆమోదం వచ్చింది. 2001లో 2,289 మందితో చేసిన ట్రయల్, ఈసారి చావునే ప్రధాన ప్రశ్నగా పెట్టుకుని, 35% తగ్గుదల చూపించింది. మందు నిజమే. ఏడాది ఆలస్యంలో ఎంతమంది పోయారో ఎవరూ లెక్కపెట్టలేరు.

నన్నడిగితే నేను మోయే పక్షం. బయటినుంచి చూసేవాడికి 1996 నాటి కార్వెడిలాల్‌కీ 1997 నాటి లొసార్టన్‌కీ పోలికే ఎక్కువ కనబడుతుంది. రెండు చోట్లా ప్రధాన ప్రశ్న ఓడింది, రెండు చోట్లా చావులు తగ్గాయి. కార్వెడిలాల్ అంకెలు గట్టివి, నిజమే. కానీ ఆమ్లోడిపిన్ అంకె కూడా గట్టిదే కదా! ఏది నిజమో తేల్చింది సూత్రమూ కాదు, వాదనా కాదు. మళ్లీ ప్రయోగం చెయ్యడం ఒక్కటే. ఫిషర్ వాదనలో బరువు లేదనను. ఆ ఏడాది ఆ మందు అందక పోయినవాళ్ల ఇంట్లోవాళ్లని అడిగితే వాళ్లు ఫిషర్ పక్షమే ఉంటారు.

ఇక మళ్లీ ప్రయోగం చెయ్యకముందే అమ్మకానికి దిగితే ఏమవుతుందో చూడండి. ఇంటర్‌మ్యూన్ అనే కాలిఫోర్నియా కంపెనీ. ఊపిరితిత్తులు గట్టిపడిపోయే ఐపీఎఫ్ అనే జబ్బుకి ఇంటర్‌ఫెరాన్ గామా ఇంజెక్షన్, ఏడాదికి సుమారు 50,000 డాలర్ల ఖర్చు. 2002లో 330 మంది ట్రయల్ ఫలితాలొచ్చాయి. ప్రధాన ప్రశ్న దారుణంగా ఓడింది. మొత్తం చావుల్లో తేడా ఉంది గానీ పి విలువ 0.08, హద్దు దాటలేదు. అప్పుడు జబ్బు మరీ ముదరని 254 మందిని విడదీశారు. మందు తీసుకున్న 126 మందిలో 6 చావులు, తీసుకోని 128 మందిలో 21 చావులు. పి విలువ 0.004! ఆగస్టు 28న పత్రికా ప్రకటన వెళ్లింది: తేలికపాటి నుంచి మధ్యస్థ జబ్బు ఉన్నవాళ్లలో చావులు 70% తగ్గాయని.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి మన బోన్‌ఫెర్రోని సూత్రం పెట్టి చూడండి. 0.05ని 12తో భాగిస్తే 0.0042. కాబట్టి మొత్తం అడిగిన ప్రశ్నలు 12 లోపు అయితే 0.004 నెగ్గుతుంది. 13 అయితే 0.0038, ఓడిపోతుంది. మరి ఎన్ని అడిగారు? ప్రణాళికలో ముందే రాసుకున్నవాటిని లెక్కపెట్టొచ్చు. ఫలితాలు చూశాక, ఇలా విడగొడితే ఎలా ఉంటుంది, అలా విడగొడితే ఎలా ఉంటుంది అని మనసులో వేసుకున్న ప్రశ్నల్ని ఎవరు లెక్కపెడతారు? భాగించడం చిన్నపిల్లాడికీ వచ్చు. దేంతో భాగించాలో చెప్పే నాథుడు లేడు. కూర్నో 1843లో గుంజుకున్నది దీని గురించే.

కంపెనీ 2006లో సుమారు 3.7 కోట్ల డాలర్లు కట్టి ప్రభుత్వంతో రాజీపడింది. 826 మందితో పెట్టిన రెండో ట్రయల్‌ని 2007లో మధ్యలోనే ఆపేశారు. మందు తీసుకున్నవాళ్లలో 15%, తీసుకోనివాళ్లలో 13% పోయారు. కంపెనీ పాత సీఈవో స్కాట్ హార్కొనెన్‌ని 2009లో జ్యూరీ మోసం కింద దోషి అంది, 2011లో ఆరు నెలల గృహ నిర్బంధం, 20,000 డాలర్ల జరిమానా పడ్డాయి. ప్రకటనలో అంకెలన్నీ నిజమే కదా, పి విలువని ఎలా అర్థం చేసుకోవాలన్నది అభిప్రాయభేదం కదా, దానికి జైలు భాష ఏమిటని కొందరు పండితులు కోర్టుకి రాశారు. వాళ్లలో కెన్నెత్ రోత్‌మన్ ఒకడు, బహుళ పోలికలకి అసలు ఏ సవరణా అక్కర్లేదని 1990లోనే వ్యాసం రాసినాయన. పై కోర్టులు వినలేదు. చివరికి 2021 జనవరిలో ట్రంప్ దిగిపోతూ క్షమాభిక్ష పెట్టాడు. ఇందులో ఎవరు గెలిచారో నాకైతే తెలియలేదు. రోగులు మాత్రం కాదు.

ఈ గొడవలన్నిటి నుంచీ పుట్టిన పరిష్కారం చూస్తే మనవాళ్లకి నవ్వొస్తుంది. వెర్షన్ కంట్రోల్! ట్రయల్ మొదలెట్టకముందే నీ ప్రధాన ప్రశ్న ఏంటో తేదీతో సహా అందరికీ కనబడే రిజిస్టర్‌లో కమిట్ చెయ్. అమెరికాలో క్లినికల్‌ట్రయల్స్ డాట్ గవ్ 2000లో వచ్చింది. రిజిస్టర్ చెయ్యకపోతే అచ్చు వెయ్యమని పెద్ద వైద్య పత్రికలు 2005 నుంచి పట్టుబట్టాయి. మన దేశపు రిజిస్ట్రీ 2007లో మొదలై 2009 జూన్‌లో తప్పనిసరి అయింది. దీనివల్ల ఏమైనా మారిందా? గుండె జబ్బుల మీద అమెరికా ప్రభుత్వ సొమ్ముతో జరిగిన పెద్ద ట్రయళ్లని 2015లో ఇద్దరు లెక్కతీశారు. 2000కి ముందు 30లో 17 ట్రయళ్లు మేలు జరిగిందని చూపించాయి. ఆ తర్వాత 25లో 2. మందులు ఒక్కసారిగా చెడిపోయాయా? వేరే కారణాలూ ఉండొచ్చు గానీ, ఆ పదిహేడింట్లో కొన్నైనా మిథున రాశి బాపతువే అని నా అనుమానం.

కమిట్ చేసినంత మాత్రాన కోడ్ రివ్యూ జరిగినట్టు కాదనుకోండి. 2015 చివర్లో బెన్ గోల్డేకర్ బృందం అయిదు పెద్ద పత్రికల్లో వరసగా వచ్చిన 67 ట్రయళ్లని వాటి రిజిస్టర్లతో పోల్చి చూసింది. చెప్పింది చెప్పినట్టు రాసినవి 9. మిగతావాటిలో ముందు చెప్పిన 354 ప్రశ్నలు మాయమయ్యాయి, ఎక్కడా చెప్పని 357 కొత్తగా వచ్చి చేరాయి.

ఇందులో మనకి దూరపు చుట్టరికం కాదు, దగ్గరిదే ఉంది. అమీర్‌పేటలో క్లినికల్ శాస్ నేర్చుకుని ఈ ట్రయళ్ల పట్టికలు తయారుచేసే ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు మన స్నేహితుల్లోనే బోలెడుమంది. "ఈ పట్టిక ఇంకో రకంగా విడగొట్టి పంపు" అనే మెయిల్ వచ్చేది వాళ్లకే.

గుంపులుగా విడగొట్టడమే తప్పని ఎవరైనా అనుకుంటే, దానికీ జవాబు ఆ ఆక్స్‌ఫర్డ్ నుంచే వచ్చింది. 2020లో కోవిడ్ మీద రికవరీ ట్రయల్, 6,425 మందిలో డెక్సామెథసోన్ లెక్క. ఆక్సిజన్ ఎంత అవసరమైందో దాన్నిబట్టి విడదీసి చూస్తామని ముందే రాసుకున్నారు. వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో చావులు 41.4% నుంచి 29.3%కి దిగాయి. ఆక్సిజన్ అవసరమే లేనివాళ్లలో మాత్రం మేలు కనబడలేదు, మందు లేకుండా 14%, మందుతో 17.8%. హాని చేస్తుందని చెప్పడానికి ఆ తేడా చాలదు, ఇవ్వమని చెప్పడానికి మాత్రం ఏ ఆధారమూ లేదు. ఈ అంకెలు 2020 జూన్ నుంచీ ఊరంతా చూసేలా ఉన్నాయి. 2021 వేసవిలో మన దగ్గర జ్వరం వచ్చిన మొదటి రోజే స్టెరాయిడ్ మాత్రలు మొదలెట్టినవాళ్లు ఎంతమందో. తేలికపాటి కేసుల్లో తొందరపడి వాడొద్దని మే నెలలో ఎయిమ్స్ డైరెక్టరే చెప్పాల్సి వచ్చింది. అదే నెలలో, షుగరుతో స్టెరాయిడ్లు కలిసినచోట చెలరేగిన బ్లాక్ ఫంగస్‌ని తెలంగాణ ప్రభుత్వం తప్పనిసరిగా నివేదించాల్సిన జబ్బుల్లో చేర్చింది.